ట్యాంకు కడిగిన చీటీకి బజారులో విలువ కట్టాలి

పెద్దమందడి: వనపర్తి జిల్లాలో యాసంగి వేరుశనగ రాక మొదలైనదంటే వర్తకుల నోట వినవచ్చే మాటలు అందరూ ఎరిగినవే. కాయలో తేమ ఎంత? కాయకు గింజ ఎంత పడుతుంది? బూజు పట్టిన గింజ ఏమైనా కలిసిందా? పెద్దమందడి రైతు పల్లీలన్నా, మార్కెట్ చీటీలో వేరుశనగ అని రాసినా బేరం నడిచేది ఈ మూడు ప్రశ్నల మీదనే. సరుకు మిల్లు చేరి నూనె అయిన తరువాత ప్రశ్నలు రెండుకు తగ్గుతాయి. ఆమ్లత్వం ఎంత, రంగు ఎట్లా ఉన్నది అని అడిగి, నమూనా సీసా వెలుతురుకు ఎత్తి చూసి, వాసన పట్టి ధర ఖాయం చేస్తారు.

ఆ నూనెను నిలవ చేసిన ట్యాంకును ఎప్పుడు కడిగారు, ఎట్లా కడిగారు అన్న ప్రశ్న మాత్రం బేరంలోకి రాదు. అది మిల్లు యజమాని ఇంటి పని అని కొనుగోలుదారు ఊరుకుంటాడు. బ్రోకరుకు ఆ ఊసే పట్టదు. అడిగేవాడు లేడు గనుక యజమాని కూడా ఆ పనిని వీలైనంత చౌకగా ముగించుకుంటాడు. ఇద్దరు కూలీలు, ఒక నిచ్చెన, రెండు బకెట్లు, గోనెపట్టా ముక్కలు, ఒక పార. చాలా చోట్ల ట్యాంకు శుభ్రతకు అయ్యే ఖర్చంతా ఇదే. ఈ చౌక పని సరుకుకూ మంచిది కాదు, మనుషులకూ మంచిది కాదు. దీన్ని మార్చగల శక్తి చట్టం కంటె ఎక్కువగా బజారుకే ఉన్నది.

రాగంపేట ఉదంతం

2023 ఫిబ్రవరి 9న కాకినాడ జిల్లా పెద్దాపురం మండలం జి.రాగంపేటలోని ఒక నూనె కర్మాగారంలో ట్యాంకు శుభ్రం చేయడానికి దిగిన ఏడుగురు కార్మికులు ఊపిరాడక మరణించారు. వారిలో ఐదుగురు పాడేరు నుంచి పనికి వచ్చినవారు, ఇద్దరు అదే మండలంలోని పులిమేరు వారు. ఒకరి తరువాత ఒకరుగా లోపలికి దిగి, దిగినవారు దిగినట్టే పడిపోయారు. అది విషపు మందుల ట్యాంకు కాదు. మనుషులు తినే నూనె నిలవ చేసేది.

ఇటువంటి ప్రమాదాల తీరు ఎక్కడైనా ఒక్కటే. మొదటి మనిషి కళ్లు తిరిగి పడతాడు. పైనున్నవాడు జారిపడ్డాడనుకొని తీయడానికి దిగుతాడు. అతడూ పడతాడు. ఇద్దరినీ చూసి మూడో మనిషి దిగుతాడు. అమెరికా ప్రభుత్వ వృత్తి భద్రతా పరిశోధన సంస్థ 1986లో ప్రకటించిన దాని ప్రకారం ఇటువంటి మూసిన చోట్ల చనిపోయేవారిలో నూటికి అరవై మందికి పైగా కాపాడబోయి చనిపోయినవారే. సాటి మనిషిని వదిలిపెట్టలేని మంచితనమే ఇక్కడ మరణానికి కారణమవుతున్నది.

మడ్డిలో ఉన్నది ఏమిటి?

నూనె అంత ప్రమాదకరమైనదా అని అడిగేవారుంటారు. ప్రమాదం నూనెలో కంటె అడుగున చేరే మడ్డిలో ఉన్నది. ఎక్స్‌పెల్లర్ నుంచి వచ్చిన నూనెను వడకట్టినా సన్నని చెక్క నలకలు, జిగురు, కొద్దిపాటి తేమ మిగిలే ఉంటాయి. నెలల తరబడి అవి అడుగున పేరుకుంటాయి. తేమ తగిలిన మడ్డి పులుస్తుంది, కుళ్లుతుంది. బొగ్గుపులుసు వాయువు, కుళ్లు వాసన గల హైడ్రోజన్ సల్ఫైడ్ వంటివి పుట్టి, గాలి కంటె బరువైనవి గనుక అడుగునే నిలిచిపోతాయి. మరోవైపు గోడలకు అంటిన పాత నూనె, ఇనుముకు పట్టే తుప్పు కూడా లోపలి గాలిలోని ప్రాణవాయువును తినివేస్తుంటాయి. బయటి గాలిలో ప్రాణవాయువు సుమారు 20.9 శాతం. 19.5 శాతానికి తగ్గిన చోటికి తగిన సాధనాలు లేకుండా మనిషిని పంపరాదన్నది ప్రమాణం. మూత తీసి గంటసేపు ఉంచినంత మాత్రాన ఇరవై అడుగుల లోతున ఉన్న గాలి మారదు. దీపం దించి చూడడం, వాసన పట్టి చూడడం పరీక్షలు కావు. హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే వాసన పట్టే శక్తినే ముక్కు కోల్పోతుంది.

ఇదే మడ్డి వర్తకుడి సంచికీ చిల్లు పెడుతున్నది. పాత మజ్జిగ చుక్క పాలను తోడు పెట్టినట్టే, గోడకు అంటి చెడిన పాత నూనె కొత్త నూనెను త్వరగా చెడగొడుతుంది. తేమ వల్ల నూనె విడిపోయి ఆమ్లత్వం పెరుగుతుంది. గాలి, ఇనుము, రాగి కలిస్తే కనరు వాసన త్వరపడుతుంది. మిల్లు గేటు దగ్గర తీసిన నమూనా బాగుండి, నెల తరువాత ట్యాంకు నుంచి తీసిన నమూనా చెడిందంటే, తప్పు గింజదా, ట్యాంకుదా అని తేల్చేవారు లేరు. మామూలుగా నింద గింజ మీదకే పోతుంది. కోత రైతుకో, అడ్తిదారుకో పడుతుంది. పది టన్నుల నూనెకు కిలోకు ఒక్క రూపాయి కోత పడితే పదివేల రూపాయలు. ట్యాంకు కడగడంలో ఆదా చేశామనుకున్న సొమ్ము ఈ ఖాతాలో ఖర్చయిపోతున్నదని జమాఖర్చు రాసేవారు గమనించరు. అది ఏ పద్దు కిందా కనిపించదు.

పాలవారు ఎప్పుడో నేర్చిన పాఠం

ఆహార పరిశ్రమల్లో ఈ చిక్కును ముందుగా విడదీసినది పాల పరిశ్రమ. పాలు పూట గడిస్తే చెడేవి గనుక వారికి వాయిదా వేసే వీలు లేకపోయింది. 1950ల నుంచి పాశ్చాత్య దేశాల డెయిరీలలో, తరువాత మన డెయిరీలలో, ట్యాంకును విప్పకుండా, మనిషి దిగకుండా ఉన్నచోటనే కడిగే పద్ధతి స్థిరపడింది. దానిని సి.ఐ.పి. అంటారు.

పద్ధతి తెలుసుకోవడానికి ఇంజనీరు కానక్కరలేదు. ట్యాంకు పైకప్పు నుంచి లోపలికి చిల్లులున్న ఒక గుండ్రని స్టీలు బంతిని గాని, నీటి ఒత్తిడికే రెండు దిక్కుల తిరిగే జెట్ హెడ్‌ను గాని దించుతారు. పంపు తోసిన ద్రవం గోడలన్నిటి మీద పడి, కారి, అడుగు గొట్టం ద్వారా తిరిగి పంపుకే వస్తుంది. పాల ట్యాంకుకు మొదట మామూలు నీరు, పిమ్మట 70, 80 డిగ్రీల వేడి మీద ఒకటి రెండు శాతం కాస్టిక్ సోడా ద్రావణం, మళ్లీ నీరు, అవసరాన్నిబట్టి పాలరాయి పొర కరగడానికి పలుచని నైట్రిక్ ఆమ్లం, చివరగా మంచినీరు. స్వయంచాలక యంత్రమైతే ఏ అంకం ఎన్ని నిమిషాలు, ఎంత వేడి, ఎంత ప్రవాహం అన్నది తానే నడిపిస్తుంది. కడిగిన నీటిలో సోడా ఇంకా మిగిలి ఉన్నదా అన్నది విద్యుత్ వాహకతను కొలిచే మీటరు చెబుతుంది.

కడగడమనే పనికి నాలుగు కాళ్లు. కాలం, వేడి, మందు బలం, రాపిడి. ఒకటి తగ్గితే మరొకటి పెంచాలి. కూలి మనిషి చేతిలో ఉన్నది రాపిడి ఒక్కటే. మనిషి చర్మం భరించేటంత వేడి, మనిషి ఊపిరి భరించేటంత మందు మాత్రమే అతడు వాడగలడు. యంత్రానికి ఆ హద్దు లేదు. ప్రాణభయం మాట అటుంచి, శుభ్రత ఒక్కటే చూసుకున్నా యంత్రానిదే పైచేయి కావడానికి కారణమిది.

నూనె పాలు కాదు

అయితే డెయిరీ పద్ధతిని మక్కికి మక్కిగా నూనె మిల్లులో దించితే కొత్త చిక్కులు వస్తాయి. నూనెకు నీరు శత్రువు. కడిగిన ట్యాంకును పూర్తిగా ఆరబెట్టకుండా సరుకు నింపితే, కడగకపోవడం కంటె ఎక్కువ నష్టం జరగవచ్చును. నూనెతో కలిసిన కాస్టిక్ సోడా సబ్బు అవుతుంది. కడిగేటప్పుడు అది మేలే గాని, ఆ సబ్బు మిగిలి సరుకులో కలిస్తే నాణ్యం పోతుంది. అందుచేత నూనె ట్యాంకుకు ముందుగా అడుగు మడ్డిని పంపుతో లాగివేయడం, తరువాత వేడి సోడా తిప్పడం, నీటితో సబ్బు పూర్తిగా పోయేవరకు కడగడం, చివరగా వేడిగాలి పట్టించి ఆరబెట్టడం అన్న వరుస తప్పనిసరి. అడుగు ఏటవాలుగా లేని పాత ట్యాంకులో మడ్డి మూలలకే చేరుతుంది. అటువంటి దానికి అడుగు సరిచేయించడం మొదటి ఖర్చు.

మరొక హెచ్చరిక. హెక్సేన్ వాడే సాల్వెంట్ ప్లాంట్ల ట్యాంకుల్లో ఈ జెట్లను సొంత తెలివితో దించరాదు. చిమ్మే ద్రవం వల్ల పుట్టే స్థిర విద్యుత్తు నిప్పురవ్వకు దారితీయవచ్చును. అక్కడ నిపుణుల పర్యవేక్షణ లేకుండా పని మొదలుపెట్టరాదు. ఎక్స్‌పెల్లర్ నూనె ట్యాంకుకు ఈ భయం లేదు.

యంత్రం వచ్చినా మనిషి దిగవలసిన సందర్భాలు పూర్తిగా పోవన్నది కూడా ఒప్పుకోవాలి. వెల్డింగు మరమ్మతుకు, గోడల తనిఖీకి ఎప్పుడో ఒకసారి దిగక తప్పదు. కాని నెలకో, సీజనుకో దిగడం వేరు. ఏళ్లకు ఒకసారి, గాలి పరీక్షించి, తాడు కట్టి, పైన మనిషిని నిలిపి దిగడం వేరు.

చట్టం ఉన్నది, చీటీ లేదు

చట్టంలో లోటు లేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షనే ఈ సంగతిని విడమరచి చెప్పింది. ప్రమాదకర వాయువులు ఉండగల ట్యాంకులోనికి మనిషిని పంపాలంటే తగినంత మ్యాన్‌హోలు ఉండాలి. అర్హుడైన వ్యక్తి స్వయంగా పరీక్షించి రాతపూర్వకంగా ధ్రువపత్రం ఇవ్వాలి. లేదా లోపలికి దిగేవాడు శ్వాస పరికరం, నడుముకు బెల్టు, తాడు ధరించి, ఆ తాడు కొస బయటివాడి చేతిలో ఉండాలి. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత కోడు అమలులోకి వచ్చింది. చట్టం పేరు మారినది గాని, యజమాని బాధ్యత తీరలేదు. 2006 ఆహార భద్రత చట్టం కింద లైసెన్సు పొందిన ప్రతి మిల్లూ పాత్రలను, పరికరాలను శుభ్రంగా ఉంచుకోవాలన్నది 2011 నిబంధనల్లో ఉన్నదే.

డెబ్బై అయిదేళ్లకు పైగా కాగితం మీద ఉన్న రక్షణ ఏడుగురికి అందలేదంటే, ఇన్‌స్పెక్టర్ల సంఖ్య పెంచడం ఒక్కటే పరిష్కారమని వర్తక లోకం చేతులు దులుపుకోవడానికి వీలులేదు. ఇన్‌స్పెక్టరు ఏడాదికి ఒకసారి రావచ్చు, రాకపోవచ్చు. కొనుగోలుదారు ప్రతి లోడుకూ వస్తాడు.

పెద్ద బజార్లలో వాడుక

అంతర్జాతీయ నూనె వర్తకంలో ఈ ప్రశ్న ఎప్పటి నుంచో బేరంలో భాగమే. లండన్‌లోని ఫాస్ఫా, అనగా నూనెలు, నూనెగింజలు, కొవ్వుల వర్తక సంఘాల సమాఖ్య, తన ఒప్పందాల కింద నూనె మోసే ఓడ ట్యాంకుల్లో అంతకు ముందు ఏ సరుకు మోశారన్నది చెప్పి తీరాలని నియమం పెట్టింది. ఏ సరుకు తరువాత తిండినూనె నింపవచ్చు, ఏది తరువాత నింపరాదు అన్నదానికి జాబితాలున్నాయి. నింపడానికి ముందు సర్వేయరు ట్యాంకు చూసి శుభ్రంగా ఉన్నదని ధ్రువపత్రం ఇవ్వాలి. ప్రపంచ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ కూడా తిండినూనెల నిలవ, రవాణా విషయమై 1987లోనే ఒక ఆచరణ నియమావళిని వెలువరించింది.

ఈ నియమం లోపించిన చోట ఏమవుతుందో 2024 జూలైలో చైనా బజారు చూసింది. బొగ్గు నుంచి తీసిన ఇంధనపు నూనెను మోసిన ట్యాంకర్ లారీలు మధ్యలో కడగకుండానే వంటనూనె నింపుకుంటున్నాయని బీజింగ్ పత్రిక ఒకటి బయటపెట్టింది. ప్రభుత్వం దర్యాప్తుకు పూనుకోవలసి వచ్చింది. పేరున్న సంస్థల సరుకును కూడా గృహిణులు అనుమానంగా చూశారు. కడిగితే అయ్యే ఖర్చు లారీకి కొద్దిపాటిది. కడగనందువల్ల పోయిన నమ్మకానికి ఖరీదు కట్టడం సాధ్యం కాదు.

మన దేశం ఏటా కోటిన్నర టన్నుల స్థాయిలో తిండినూనెలను దిగుమతి చేసుకుంటున్నది. కృష్ణపట్నం, కాకినాడ రేవుల నుంచి ట్యాంకర్లు తెలుగు జిల్లాలన్నిటికీ నడుస్తున్నాయి. 2021 ఆగస్టులో కేంద్రం 11,040 కోట్ల రూపాయల అంచనాతో ఆయిల్ పామ్ పథకం ప్రకటించిన తరువాత తెలంగాణలో తోటలు పెరిగాయి. వేరుశనగకు పేరుపడిన పాలమూరు నేలలోనూ మొక్కలు నాటారు. నూనె నిలవ చేసే ట్యాంకుల సంఖ్య పెరిగేదే గాని తరిగేది కాదు. కొత్త ట్యాంకు కట్టేనాడే బంతికి, జెట్‌కు కావలసిన గొట్టం, అడుగు వాలు ఏర్పరచుకుంటే ఖర్చు తక్కువ. కట్టిన తరువాత కోసి అతకడం ఎక్కువ ఖర్చు.

చిన్న మిల్లు లెక్క

చిన్న మిల్లుదార్ల అభ్యంతరం ఒకటున్నది. ఈ యంత్రాలు పెద్ద కంపెనీల సరదా గాని, పది టన్నుల ట్యాంకు గల మిల్లుకు ఎక్కడ గిట్టుబాటు అంటారు. లెక్క వేసి చూడాలి. పది టన్నుల నూనె పట్టే నిలువు ట్యాంకు అడ్డం సుమారు 2.2 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు అనుకుంటే, చుట్టుకొలత సుమారు 7 మీటర్లు. గోడ పూర్తిగా తడవడానికి చుట్టుకొలతలో ప్రతి మీటరుకు నిమిషానికి 30 లీటర్లు కావాలన్నది డెయిరీలలో వాడుక లెక్క. అనగా నిమిషానికి 210 లీటర్లు. మూడు హార్స్‌పవర్ల పంపు ఈ పనికి చాలును. నీటిని పారబోయకుండా తిప్పి తిప్పి వాడితే ఒక్కొక్క అంకానికి 500 లీటర్లు, నాలుగు అంకాలకు 2,000 లీటర్లు. ఆ 500 లీటర్ల సోడా నీటిని 30 డిగ్రీల నుంచి 75 డిగ్రీలకు తేవడానికి, పొయ్యిలో సగానికి పైగా వేడి వృథా అయినా, పదిహేను కిలోల పల్లి పొట్టు సరిపోతుంది. పల్లి పొట్టుకు ఈ ప్రాంతంలో కొదవ లేదు. సబ్బు నీటిని కాలువలోకి వదలరాదు గనుక దానిని నిలవ చేసి, పైకి తేలిన జిడ్డును వేరుచేసి, మిగిలిన నీటి క్షారాన్ని తగ్గించే తొట్టి ఒకటి కావాలి. ఈ తొట్టి ఖర్చును లెక్కలో కలపకుండా గిట్టుబాటు మాట చెప్పడం న్యాయం కాదు.

ఇంత సామాను ప్రతి మిల్లూ సొంతంగా కొనవలసిన అవసరం లేదు. పంపు, వేడి తొట్టి, రెండు జెట్లు, గాలి ఊదే యంత్రం, రికార్డు పెట్టె కలిపి ఒక ట్రాలీ మీద బిగించవచ్చును. పెద్దమందడి మండలంలో మిల్లు పెట్టినవారికి గాని, వనపర్తి, కొత్తకోట, పెబ్బేరు చుట్టుపక్కల వారికి గాని ఒకే ట్రాలీ వంతులవారీగా తిరగగలదు. వరికోత యంత్రం ప్రతి రైతూ కొనలేదు. అద్దెకు తెచ్చుకున్నారు. ట్యాంకు కడిగే ట్రాలీకీ అదే దారి. మిల్లర్ల సంఘం గాని, ఉత్సాహవంతుడైన ఒక యువకుడు బ్యాంకు రుణంతో గాని నడపదగిన వృత్తి ఇది.

బ్రోకర్లు చేయదగినది

యంత్రం ఇచ్చే శుభ్రత కంటె వర్తకుడికి ఎక్కువ ఉపయోగపడేది యంత్రం ఇచ్చే చీటీ. కూలి మనిషి కడిగితే మిగిలేది కడిగామన్న మాట. యంత్రం కడిగితే తేదీ, నిమిషాలు, వేడి, ప్రవాహం, చివరి నీటి పరీక్ష అంకెలతో సహా నమోదవుతాయి. మాటకు ధర లేదు. చీటీకి ధర కట్టవచ్చును.

ఇందుకు బ్రోకర్లు నాలుగు ప్రశ్నలు తమ ఖరారు కాగితంలో చేర్చితే చాలు. ట్యాంకును చివరగా కడిగిన తేదీ ఏది? కడిగిన పద్ధతి ఏమిటి, దాని నమోదు ఉన్నదా? ట్యాంకులో గాని ట్యాంకరులో గాని ఇంతకు ముందున్న సరుకు ఏది? మనిషిని లోపలికి దింపి ఉంటే గాలి పరీక్ష కాగితం ఉన్నదా? నాలుగింటికీ జవాబున్న సరుకుకు కొద్దిపాటి మేలు ధర, లేని సరుకుకు ఆమేరకు కోత అని రెండు సీజన్లు పాటించి చూడాలి. తేమకు కోత పెట్టిననాడు రైతు ఆరబెట్టడం నేర్చాడు. బూజు గింజకు కోత పెట్టిననాడు ఏరడం నేర్చాడు. రైతుకు చెప్పిన పాఠం మిల్లుదారుకు చెప్పడానికి బజారు ఎందుకు మొగమాటపడాలి?

అప్పు ఇచ్చే బ్యాంకులు, సరుకు మీద బీమా రాసే కంపెనీలు కూడా ఇదే కాగితం అడగడం మొదలుపెడితే మార్పు మరింత త్వరపడుతుంది. తాకట్టు సరుకు చెడిపోకుండా ఉండడం వాటికీ అవసరమే.

ఈ ప్రాంతపు యాసంగి వేరుశనగకు నాణ్యమైన సరుకన్న పేరు ఉన్నది. ఆ పేరు పొలంలో మొదలై ట్యాంకు అడుగున ముగిసిపోరాదు. నిచ్చెన, పార, గోనెపట్టాలతో కడిగిన ట్యాంకు నూనె చౌకగా కనిపిస్తుంది గాని, మిగతా ఖర్చును చెడిన సరుకు రూపంలో కొనుగోలుదారు, కోత రూపంలో రైతు, ప్రాణం రూపంలో కూలి చెల్లిస్తున్నారు. రానున్న సీజనులో నమూనా సీసాతోపాటు ట్యాంకు చీటీ కూడా బల్ల మీదకు రావాలని అడగడంలో కొనుగోలుదార్లు వెనుకాడవలసిన పని లేదు.